సుంకమ్మ కళ్ళం

ఆ ఊరి ఇరవై ఇళ్లకూ కలిపి ఒకటే కళ్ళం ఉండేది. ఏటా కొర్ర కోతకు ముందు ఇంటికొకరు వచ్చి గడ్డి చెక్కి, ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, వరసగా నిలబడి కాళ్లతో తొక్కేవాళ్లు. ఆడవాళ్లు పేడతో అలికేవాళ్లు. నేల ఆరాక ఒకరి తర్వాత ఒకరు అక్కడే పంట నూర్చుకునేవాళ్లు.

ఆ ఊరి సుంకమ్మకు వాళ్ల పనితనం ఏనాడూ నచ్చేది కాదు. ఒకడు మాటల్లో పడి మడమ ఆనించడు. ఇంకొకతె అలికితే ఒకచోట మందం, ఒకచోట పలచన. అందరూ వెళ్ళాక ఆమె ఒక్కతే మొదటినుంచీ మళ్ళీ చేసేది. ఒక ఏడు విసుగొచ్చి, "మీరెవరూ రావద్దు. కళ్ళం సంగతి నాకొదిలెయ్యండి" అంది. ఎవరూ కాదనలేదు. పని తప్పుతుంటే కాదనేదెవరు?

తొమ్మిదేళ్లు కళ్ళం అద్దంలా ఉంది. మెల్లగా సుంకమ్మ గట్టున కాపలా కూర్చోవడం మొదలుపెట్టింది. ఆడుకునే పిల్లల్ని అదిలించేది. పంట మోసుకొచ్చినవాళ్లు సైతం గట్టు మీద ఆగి, "దిగమంటావా అవ్వా?" అని అడిగి దిగేవాళ్లు. ఆ మాట ఆమె చెవికి ఇంపుగా ఉండేది.

పదో ఏడు, కోతలకు నెల ముందు, ఆమె కాలు బెణికి మంచాన పడింది. "కళ్ళం తొక్కుకోండి" అని ఊరికి కబురు చేసింది. ఎవరూ కదల్లేదు. ఎక్కడ తేడా వస్తుందో, ఎవరికి చీవాట్లు పడతాయో అని ఎవరి చేలో వాళ్లు చాపంత కళ్ళం చేసుకున్నారు. వాటిలో ఎద్దులు తిరగవు, కంకులు నూర్చే రాతిగుండు మళ్ళదు. నూర్పిడి సాగలేదు.

కాలు ఆన్చగలిగిన రోజున సుంకమ్మ కర్ర పట్టుకుని వెళ్ళి చూసింది. కళ్ళం నిండా నెర్రెలు, నెర్రెల్లో గడ్డి. చుట్టూ చేలల్లో కొర్ర కుప్పలు అలాగే పడి ఉన్నాయి, తనదీ వాటిలో ఒకటి. పడమట మబ్బు పడుతోంది.

ఆమె నేరుగా కళ్ళం పక్కనే ఉన్న గిడ్డయ్య ఇంటికి వెళ్ళింది. "చూస్తా ఊరుకున్నారేందిరా? కళ్ళం పాడైపోయింది."

గిడ్డయ్య లేచి నిలబడ్డాడు. మర్యాదగానే అన్నాడు. "నీ కళ్ళం కదవ్వా. మేమెట్లా ముట్టుకుంటాం?"

అందులో ఎగతాళి లేదు. ఉంటే ఆమె తిట్టి ఉండేది. కర్ర గోడకు ఆనించి అరుగు మీద కూర్చుంది.

గిడ్డయ్య భార్య మద్దమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. సుంకమ్మ అందుకుంది, తాగలేదు.

"కళ్ళం తొక్కేటప్పుడు మీ అత్త పదం ఎత్తుకునేది. నీకు గుర్తుందా?"

"సగం గుర్తుందవ్వా."

"నాకు అదీ లేదు. ఒక్కదాన్నే తొక్కేదానికి పదమెందుకు? నువ్వొచ్చి ఎత్తుకో."

మర్నాడు పొద్దున్నే మద్దమ్మ కళ్ళంలో నిలబడి తనకు తెలిసిన సగం పాడింది. పక్కింటివాళ్లు మిగతా సగం అందుకున్నారు. పదం ముగిసేసరికి ఇంటికొకరు వచ్చి వరసలో చేరారు.

మట్టిలో రాళ్లు సరిగా ఏరలేదు. అలుకు ఒకచోట మందం, ఒకచోట పలచన. సుంకమ్మ గట్టున కూర్చుని చూసింది. రెండుసార్లు తప్పు పట్టడానికి నోరు తెరిచింది. రెండుసార్లూ, తెరిచిన నోటితో పదంలో గొంతు కలిపింది.

మబ్బు కొన్నాళ్లు కొండ మీదే ఆగింది. ఆఖరి కుప్ప నూర్చి ఇంటికి చేర్చిన సాయంత్రమే వాన దిగింది. అలుకు పలచనైనచోట మళ్ళీ విచ్చిన నెర్రెల్లో పడ్డ గింజలు అక్కడే ఉండిపోయాయి.

వారం తర్వాత మద్దమ్మ గబగబా వచ్చింది. "అవ్వా, కళ్ళం నిండా కొర్ర మొలిచింది! పీకేద్దామా, పెరగనిచ్చి పశువులకు కోసి వేద్దామా?"

సుంకమ్మ చేటలో గింజలు చెరుగుతూ తలెత్తలేదు. "నన్నడుగుతావేంది? ఊళ్ళో అడుగుపో."

మద్దమ్మ పక్కింటి వైపు నడిచింది. కొంతసేపటికి రెండిళ్ల అవతల వాదులాట మొదలైంది. సుంకమ్మ చేట ఆపి, చెవి ఒగ్గి వింది. మళ్ళీ చెరగసాగింది.