పీకి చూడని గూడు

జువ్వికోన అడవిలో ఒక వాగు పారుతూ ఉండేది. అడవి నిండా కుందేళ్ళు, ముంగిసలు, అడవికోళ్ళు, గోరింకలు. వాగు మీదికి వంగిన ఈతచెట్ల మీద మాత్రం గిజిగాళ్ళదే ఊరు.

గిజిగాడి గూడు మీరు చూసే ఉంటారు. సొరబుర్రను మెడ కిందికి పెట్టి వేలాడదీసినట్టు ఉంటుంది. దాన్ని అల్లేది మగపిట్ట. సగం అల్లి ఆపుతాడు. అప్పుడు ఆడపిట్ట వచ్చి దాని మీద వాలుతుంది. ముక్కుతో పోగులు పట్టుకుని బలంగా పీకుతుంది, ఊగుతుంది. పోగు ఊడిందంటే "ఇంకోటి అల్లు" అని ఎగిరిపోతుంది. నిలిచిందంటే మగపిట్ట మిగతా సగం పూర్తి చేస్తాడు, ఆమె కాపురానికి వస్తుంది. తాతల నాటి నుంచి వాళ్ళ ఆనవాయితీ అది.

ఆ గుంపులో సన్నపోగు అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో వాడికి సాటి లేదు. పాము దూరకుండా గూటి మెడను పొడుగ్గా దించే నమూనా వాడిదే. గుడ్లు దొర్లిపోకుండా లోపల చిన్న గట్టు కట్టడం కూడా వాడు కనిపెట్టిందే.

ఆ పనితనం పుట్టుకతో వచ్చింది కాదు. వాడు మొదటిసారి గూడు అల్లినప్పుడు చురకమ్మ అనే ఆడపిట్ట వచ్చి ఒక్క గుంజు గుంజింది. సగం గూడు ఊడి వాగులో పడింది.

"ఏమయ్యోయ్, ఇది గూడా, సాలెపట్టా?" అంది చురకమ్మ. చెట్టు చెట్టంతా నవ్వింది.

సన్నపోగు మళ్ళీ అల్లాడు. ఆమె మళ్ళీ పీకింది. ఊడిన చోటల్లా వాడు ముడి మార్చాడు, పోగు మార్చాడు. అలా పని నేర్చుకున్నాడు. పెద్దయ్యాక ఆ నేర్చుకున్న సంగతి మరిచిపోయాడు. చెట్టంతా నవ్విన నవ్వు మాత్రం మరిచిపోలేదు.

గిజిగాళ్ళ పెద్ద ముంజయ్య ముసలివాడయ్యాడు. "వచ్చే వానాకాలానికి ఇంకొకరిని పెద్దగా ఎన్నుకోండి" అని చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి సన్నపోగుకు నిద్ర లేదు. ఆ పెద్దరికం తనకే రావాలి. దానికి ఏమేం నేర్చుకోవాలా అని ఆలోచించి, నేరుగా గోరింక దగ్గరికి వెళ్ళాడు. అడవిలో దానంత బాగా మాట్లాడేవాళ్ళు లేరు మరి.

"గోరింక బావా, నేను ఎదగాలి. దారి చెప్పు" అన్నాడు.

గోరింక వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో ఉంటుంది. గడ్డిపోచ ముడి వేసి ఎరగదు. అయినా సలహాకు లోటు లేదు. "ముందు ఆ ముక్కుతో పని మానెయ్. పెద్దవాడి ముక్కుకు గడ్డి అంటకూడదు. పై కొమ్మ మీద కూర్చో. తక్కువ మాట్లాడు, గొంతు తగ్గించి మాట్లాడు. ఇక అన్నిటికంటే ముఖ్యం, నీ పనిని ఎవరి చేతా వేలెత్తి చూపించుకోకు."

ఆ చివరి మాట సన్నపోగు గుండెలో దిగింది. ఎండాకాలమంతా వాడు గోరింక దగ్గర మాట నేర్చాడు, తల ఎత్తి కూర్చోవడం నేర్చాడు. ఒక్క పోచ కూడా అల్లలేదు.

ఒకరోజు ముంజయ్య వాడిని పలకరించాడు. "ఏరా అబ్బాయ్, ఈ మధ్య నీ గూడు ఎవరు పీకి చూస్తున్నారు?"

"నా గూడు పీకేంతటి వాళ్ళు ఇంకా ఉన్నారా తాతా?"

ముంజయ్య గడ్డి అంటని వాడి ముక్కు వైపు ఒకసారి చూసి ఎగిరిపోయాడు.

ఎన్నుకునే రోజు వచ్చింది. సన్నపోగు పై కొమ్మ మీద నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు: "అన్నల్లారా! ఎండలో ముక్కు అరిగేలా అల్లేది మనం. ఒక్క గుంజుతో మన పరువు వాగులో కలుస్తోంది. నేను పెద్దనైతే పీకి చూడటం ఉండదు."

మగపిట్టలు రెక్కలు కొట్టారు. వాళ్ళలో అలా ఎప్పుడో ఒకప్పుడు నవ్వులపాలు కానివాడు ఎవడున్నాడు? సన్నపోగు పెద్ద అయ్యాడు.

"పీకకుండా గుడ్లు ఎట్లా పెడతామయ్యా? పడేది మీ పరువు కాదు, మా పిల్లలు" అని అడిగింది చురకమ్మ.

"నీకు ఎప్పుడూ పీకుడే పని" అన్నాడు సన్నపోగు. ఈసారి చెట్టంతా ఆమెను చూసి నవ్వింది. చాలా కాలంగా వాడు ఎదురుచూసిన నవ్వు అది. వాడికి కడుపు నిండింది.

చురకమ్మ తనతో వచ్చేవాళ్ళను తీసుకుని అవతలి గట్టున ఉన్న తుమ్మచెట్టుకు వెళ్ళిపోయింది. వాళ్ళ వెనకాలే ముంజయ్య కూడా ఎగిరిపోయాడు.

ఇక ఈతచెట్ల మీద పని జోరుగా సాగింది. పచ్చిగడ్డిని పోగులుగా చీల్చడం కష్టం, ఎండుగడ్డి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. "పీకేవాళ్ళు లేనప్పుడు ఏ గడ్డి అయితే ఏం?" అనుకున్నారు కుర్ర గిజిగాళ్ళు. కింది నుంచి చూస్తే గూళ్ళన్నీ ఒకే వరసలో, ఒకే నమూనాలో ముచ్చటగా ఉన్నాయి. సన్నపోగు పై కొమ్మ మీది నుంచి చూసి "భేష్" అన్నాడు. దగ్గరికి మాత్రం దిగలేదు.

వాడి గూడు కూడా ఆ కుర్రవాళ్ళే అల్లారు. వాడి ఇల్లాలు పైడి గూటి ముందు కాసేపు వేలాడి, మెల్లగా అడిగింది. "ఒక్కసారి పీకి చూడనా?"

"పెద్దవాడి ఇల్లే పీకితే నలుగురూ ఏమనుకుంటారు పైడీ?"

పైడి లోపలికి వెళ్ళింది. గుడ్లు పెట్టింది.

ఒక మధ్యాహ్నం కొండ వెనక నుంచి మబ్బు లేచింది. వెంటనే గాలి, గాలి వెంట వాన. తుమ్మచెట్టు మీద గూళ్ళు పిచ్చెక్కినట్టు ఊగాయి కానీ ఊడలేదు. ఈతచెట్ల మీద మాత్రం పటపటమని చప్పుడు మొదలైంది. ఎండుపోగులు తెగుతున్న చప్పుడు అది. ఒక గూడు పడింది. దాని పక్కది పడింది. తల్లుల అరుపులు వానలో కలిసిపోయాయి.

సన్నపోగు పై కొమ్మ మీది నుంచి కిందికి దూకాడు. తన గూటి ముడిని ముక్కుతో పట్టుకున్నాడు. ఆ పోగు ముక్కుకు తగలగానే వాడికి తెలిసిపోయింది. అది ఎండుగడ్డి. బిగించి పట్టేకొద్దీ తెగిపోయింది. పైడి గూట్లోంచి దూకి బయటపడింది. గూడు గుడ్లతో సహా వాగులో పడి, సుడి తిరిగి, కొట్టుకుపోయింది.

వాన వెలిశాక పైడి వాడి ఎదురుగా వచ్చి వాలింది. ఏడవలేదు, తిట్టలేదు.

"ఒక్కసారి పీకి చూస్తానన్నాను" అంది. అంతే. తుమ్మచెట్టు వైపు ఎగిరిపోయింది. సాయంత్రానికి మిగిలిన పిట్టలన్నీ అటే వెళ్ళాయి. రెక్కలు కొట్టినవాళ్ళు కూడా, చురకమ్మ దగ్గర తల వంచుకుని, పచ్చిగడ్డి చీల్చడం మొదలుపెట్టారు.

సన్నపోగు గోరింక దగ్గరికి వెళ్ళాడు. గోరింక తొర్రలోంచి తల బయటపెట్టి, "అయ్యో పాపం! నా తొర్రలో చుక్క కూడా పడలేదు సుమా" అంది.

వాడు తిరిగి వచ్చి పచ్చిగడ్డి చీల్చబోయాడు. అలవాటు తప్పిన ముక్కు తడబడింది. ఎలాగో సగం గూడు అల్లి, పక్కన కూర్చుని పిలవడం మొదలుపెట్టాడు.

"రండి. పీకి చూడండి. ఎంత గట్టిగానైనా పీకండి."

అవతలి గట్టు మీద అందరూ పనిలో ఉన్నారు. ఎవరూ రాలేదు. చివరికి వాడే తన గూటి మీద వాలి, తన ముక్కుతో తానే పీకి చూశాడు. ఊడింది. నవ్వడానికి కూడా ఆ చెట్టు మీద ఎవరూ లేరు.

నీతి: ఎదగాలనుకునేవాడు తన పనిలో తప్పు చూపేవాళ్ళను దగ్గర ఉంచుకోవాలి; వాళ్ళను తరిమేసి పై కొమ్మ ఎక్కితే, చివరికి ఆ కొమ్మ మీద ఒంటరిగా మిగులుతాడు.