వెనక సీటు గాలి దారి

నాగుల్ మీరా గారికి ఒక పట్టింపు ఉండేది. బెజవాడ ఆటోనగర్‌లోని ఆయన షెడ్డులోంచి ఏ బండీ కారణం తేలకుండా బయటికి పోవడానికి వీల్లేదు. బాగుచేయడం సగం పనే అనేవారు. పాడైన ముక్కను సొంతదారు అరచేతిలో పెట్టి, అది ఎందుకు పాడైందో అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆ మాటే గోడకు వేలాడే అట్ట పుస్తకంలో రాయించి, అప్పుడు గాని తాళం చేతికి ఇచ్చేవారు కారు. తొందరలో ఉన్నవాళ్లకి ఇదంతా చాదస్తంగా కనిపించేది. కొందరు మొహం మీదే అనేసేవారు. ఆయన విని, చిన్నగా నవ్వి, మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చేవారు.

ఈ పట్టింపు చూసే దేవదానం ఆయన దగ్గర చేరాడు. నలభై దగ్గరపడుతున్న మనిషి. ఐటీఐలో కరెంటు పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకుని, పెట్రోలూ బ్యాటరీ రెండింటితో నడిచే పాత హైబ్రిడ్ కార్ల పని నేర్చుకోవాలని వచ్చి ఆరేళ్లయింది. చెయ్యి మంచిది, మాట ముక్కుసూటి. గురువుగారికి ఒక్క పట్టింపు ఉంటే ఇతను అందులోంచి నాలుగు పుట్టించాడు. నిజం పూర్తిగా చెప్పనివాడు మెకానిక్కే కాదని టీ బడ్డీ దగ్గర వాదించి, పక్క షెడ్ల వాళ్ల చేత చీవాట్లు కూడా తిన్నాడు. తిన్నా మారలేదు.

ఆ ఏడు జూన్ రెండో వారంలో పరాంకుశం గారి కారును తాళ్లు కట్టి లాక్కొచ్చారు. ఆయన ఏలూరులో లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య అలివేలమ్మగారిని డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు బెజవాడ తీసుకురావాలి. కుదుపూ చప్పుడూ ఆవిడ ఓర్చుకోలేకపోతున్నారని, వెతికి వెతికి ఈ పదమూడేళ్ల నాటి హైబ్రిడ్ కారు కొన్నారు. మే నెలాఖరులో ఒక మిట్టమధ్యాహ్నం, హనుమాన్ జంక్షన్ దాటాక, ముందు పలకలో ఎర్ర దీపం వెలిగి కారు రోడ్డు పక్కన ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. అంబులెన్సు వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆవిడ ఆసుపత్రికి చేరలేదు.

ఈ సంగతంతా కారును లాక్కొచ్చిన డ్రైవరు చెప్పాడు. "పెద్దకర్మ నిన్ననే అయింది సార్. మధ్యాహ్నం ఆయనే వస్తారు. బండి బాగుపడిందా లేదా అని కాదు ఆయన బాధ. నా వల్లే ఆగిందా, నేనేం చేశాను అని, తిండి ముందు కూర్చున్నా అదే మాట."

దేవదానం పద్ధతి ప్రకారం మొదలుపెట్టాడు. అంబులెన్సు వాళ్లు తొందరలో కోసినట్టున్న తాళ్లు లాగేసి, వెనక సీటు మీద పొడవునా పరిచి ఉన్న పరుపునూ, దాని మీది నీలం ఊలు దుప్పటినీ తీసి పక్కన పెట్టాడు. ముందు చిన్న బ్యాటరీ చూశాడు. ఇలాంటి కార్లకు మెలకువ వచ్చేది దానితోనే. చాలామంది దాన్ని చూడకుండా, బండిని నడిపే పెద్దదాన్ని అనుమానించి బోల్తా పడతారు. అది సరిగానే ఉంది. తర్వాత రబ్బరు తొడుగులు వేసుకుని, పెద్ద బ్యాటరీకి ఉండే నారింజ రంగు ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగి, సీటు విప్పాడు. ఇరవై ఎనిమిది సెల్లులకూ ఒక్కొక్కదానికే మీటరు పెట్టాడు. రెండు చివరలా ఉన్నవి బాగానే ఉన్నాయి. నడుమ ఉన్న తొమ్మిదీ ఉబ్బిపోయి, మీటరు ముల్లును కూడా సరిగ్గా కదిలించలేకపోయాయి.

వయసైపోయి పోతే అన్నీ కాస్త అటూ ఇటుగా కలిసే పోతాయి. నడుమవే పోయాయంటే వేడికి పోయినట్టు. వేడెక్కాయంటే గాలి అందనట్టు. ఆ కారులో పెద్ద బ్యాటరీని చల్లబరిచేది లోపలి గాలే. వెనక సీటు పక్కన ఉన్న చిన్న జాలీలోంచి ఒక ఫ్యాను దాన్ని లాగుతుంది. దేవదానం ఫ్యాను విప్పాడు. రెక్కల మధ్య పిడికెడు నీలం ఊలు నూగు చుట్టుకుని ఉంది. పరుపు అంచు జాలీ మీదికి వచ్చి ఎన్నాళ్లుందో, అక్కడ ప్లాస్టిక్ మీద దాని ముద్ర కూడా పడింది.

దొరికింది అనుకోగానే అతనికి సంతోషం వేసింది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. అయినా నూగును జాగ్రత్తగా ఊడదీసి, ఉబ్బిన సెల్లు పక్కనే పళ్లెంలో పెట్టి గురువుగారి ముందుకు తెచ్చాడు.

"ఇది ఆయన చేతిలో పెట్టాలి గురువుగారూ."

నాగుల్ మీరా గారు ఆ నూగు వైపు చూశారు. "పెట్టి ఏం చెప్తావు?"

"ఉన్నది చెప్తానండీ. ఆవిడ కోసం పరిచిన పరుపే గాలి దారి మూసేసిందని. చెప్పడం కష్టమే. కానీ కారణం చెప్పకుండా బండి ఇవ్వకూడదని నేర్పింది మీరే కదా. మొదలుపెట్టి సగంలో ఆపితే అది అబద్ధం కాదా?"

ఆయన పళ్లెం తీసి పక్కన బల్ల మీద పెట్టారు. "ఆయన రానీ" అని నమాజుకు లేచారు.

మూడు గంటలకు పరాంకుశం గారు వచ్చారు. గుండు మీద అప్పుడే మొలుస్తున్న తెల్ల వెంట్రుకలు, పైన మడత విప్పని కండువా. టీ వద్దన్నారు. నాగుల్ మీరా గారి ఎదుట స్టూలు మీద కూర్చుని, విప్పి ఉన్న వెనక సీటు వైపు చూడకుండా మొహం తిప్పుకున్నారు.

"మేస్త్రిగారూ, ఆ రోజు ఏసీ ఆపింది నేనే. చలేస్తోందంది. అంత ఎండలో అద్దాలన్నీ బిగించి ఏసీ ఆపేశాను. అందుకేనా ఆగింది? ఏదైనా సరే, చెప్పండి. తెలియక చచ్చిపోతున్నాను."

దేవదానం పళ్లెం కోసం చెయ్యి చాచాడు. అప్పుడే పరాంకుశం గారు అతన్ని పోల్చుకున్నారు.

"నువ్వేనా బాబూ, గుర్తున్నానా మీకు? నవంబరులో బండి సర్వీసుకి తెచ్చాం. బ్రేకు వేస్తే చాలు పరుపు జారి అలివేలు పడిపోతోందంటే, ఎంత ఓపిగ్గా తాళ్లు వేసి కట్టారో. ఆ మూలా ఈ మూలా లాగి బిగించారు. ఆ తర్వాత ఒక్కసారి జారితే ఒట్టు. మొన్న మొన్నటిదాకా మిమ్మల్ని తలుచుకునేది. కాస్త లేచి తిరగగలిగితే ఆ అబ్బాయిని పిలిచి భోజనం పెడతాననేది."

దేవదానం చెయ్యి అలాగే ఆగిపోయింది. గుర్తొచ్చింది. పరుపు పొట్టిగా ఉంటే అంచును పక్కకు లాగి, జాలీ మీదుగా తాడు తిప్పి ముడి వేసింది తనే. ముడి బాగా కుదిరిందని మురిసిపోయింది కూడా తనే. అక్కడ జాలీ ఉందని అతనికి ఆ రోజూ తెలుసు. పండుకోలేని మనిషి కళ్ల ముందుంటే, ముడి తప్ప ఇంకేమీ కనిపించలేదు. పళ్లెంలోకి చూస్తే అందులో సెల్లు ఒక్కటే ఉంది. నూగు లేదు. గురువుగారి ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

ఆయన కుడిచేత్తో ఆ ఉబ్బిన సెల్లు తీసి పరాంకుశం గారి అరచేతిలో పెట్టారు.

"ఇది గాలందక పోయిందయ్యగారూ. బ్యాటరీకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. దారి తెరిచి ఉంటే, ఏసీ ఆపినా మిమ్మల్ని చేర్చేది. నవంబరులో బండి మా దగ్గరికొచ్చింది. ఆ దారి చూడాల్సింది మేము. చూడలేదు."

పరాంకుశం గారు సెల్లును అటూ ఇటూ తిప్పి చూశారు. "అయితే ఆగింది నా వల్ల కాదు" అన్నారు మెల్లగా. ఇంకోసారి అన్నారు. ఇన్నాళ్లుగా బిగబట్టుకున్నది అప్పుడు బయటపడింది. ఆ పెద్దమనిషి షెడ్డు మధ్యలో కూర్చుని, కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చారు. చూడలేక దేవదానం తల వంచుకున్నాడు.

ఏడుపు తీరాక కోపం వచ్చింది. అది రావలసిందే. ఆయన లేచి, సెల్లును ఎవరి చేతికీ ఇవ్వకుండా నేల మీద పడేశారు.

"ముప్పై తొమ్మిదేళ్లు నాతో కాపురం చేసిందండీ. మీరు ఒక్కసారి, ఒక్క నిమిషం చూసి ఉంటే..." మాట పూర్తి కాలేదు. గేటు దగ్గరికి వెళ్లి, వీధి వినేలా అన్నారు. "ఈ షెడ్డుకి ప్రాణం మీదకొచ్చినవాళ్లెవరూ రాకండి!"

పక్క షెడ్లలో సుత్తి చప్పుళ్లు ఆగాయి. నలుగురు తొంగి చూశారు. ముప్పై ఏళ్లలో నాగుల్ మీరా గారిని ఎవరూ అలా అనలేదు. ఆయన తల వంచుకుని, పరాంకుశం గారు ఆటో ఎక్కి వెళ్లేదాకా నిలబడే ఉన్నారు. పిడికిలి విప్పలేదు.

"గురువుగారూ," అన్నాడు దేవదానం. "కట్టింది నేను. ఆ మాటలు పడాల్సింది నేను. నేను ఏలూరు వెళ్లి చెప్పి వస్తాను."

ఆయన గోడ మీది అట్ట పుస్తకం దించి, కొత్త పేజీ తిప్పి అతని ముందు పెట్టారు. "ముందు ఇందులో రాయి."

దేవదానం తేదీ వేశాడు. బండి నంబరు వేశాడు. నడుమ తొమ్మిది సెల్లులు వేడికి పోయాయని రాశాడు. గాలి దారి మూసుకుపోవడం వల్ల అని రాశాడు. ఎవరు మూశారో రాయాలి. పరుపు అని రాస్తే పరిచినాయన ముందొస్తాడు. తాడు అని రాస్తే, కట్టించుకున్నదీ, భోజనం పెడతానన్నదీ ఆవిడే. తన పేరు ఒక్కటే రాద్దామన్నా, ఏం కట్టాడో రాయకుండా కుదరదు. పెన్ను కాగితం మీద ఆనించి అలాగే కూర్చున్నాడు. చుక్క పెద్దదై మరకైంది.

నాగుల్ మీరా గారు వంగి, రాసినంతవరకు చదివారు. పిడికిలి విప్పి, ఆ నీలం నూగును ఆ పేజీలో పెట్టి పుస్తకం మూశారు.

"ఆయనకు చెప్పేటప్పుడు నేనూ అక్కడే ఆగాను, దేవదానం," అన్నారు.