పట్టురాయి మహిమ

పడమటి ఐర్లాండ్‌లో కిల్‌మోరన్ అనే పల్లె దాటి అరమైలు నడిస్తే, పునీత ఓర్నా ఊటబావి పక్కన ఛాతీ ఎత్తు రాయి ఒకటి కనిపిస్తుంది. దాని నడుమ మోచేయి దూరేంత రంధ్రం ఉంది. భక్తులు బావి నీళ్ళు కళ్ళకద్దుకుని రాతి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. దీన్ని పట్టురాయి అంటారు. ఆ పేరు వచ్చిన వైనం ఇది.

పూర్వం ఇక్కడ కొల్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. పక్క ఊరి టైగ్ కూతురు ఎథ్నా అంటే అతనికి ప్రాణం. పెళ్ళిళ్ళ పేరయ్య ఇరువైపులా మాట కలిపాడు. అయితే ఇక్కడి ఆచారం ప్రకారం పిల్ల తండ్రి స్వయంగా వచ్చి, వరుడి పొలం గట్లన్నీ నడిచి, గొడ్డూగోదా చూసుకున్నాకే ఔననాలి. పైగా టైగ్ వస్తానన్న రోజుకు మర్నాడే విభూతి బుధవారం. అది వచ్చిందంటే ఈస్టరు దాకా పెళ్ళిళ్ళు ఉండవు. ఆ రోజు కుదరకపోతే ఈస్టరు రాగానే ఎథ్నాను ఇంకొకరికిచ్చే ఆలోచనలో టైగ్ ఉన్నాడు.

కొల్మన్‌కు ఉన్నవి రెండే ఆవులు. ఇరుగుపొరుగుల్ని బతిమాలి మరో ఏడింటిని తోలుకొచ్చి మేతకు వదిలాడు. కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన టైగ్ తొమ్మిదింటినీ చూసి, మీసం దువ్వి సరేనన్నాడు. మధ్యాహ్నానికల్లా అందరూ రాతి దగ్గరకు చేరారు. చెరోవైపు నిలబడి రంధ్రంలోంచి చేతులు కలిపితే మాట ఖాయమైనట్టు, ఆపైన గుడిలో పెళ్ళి.

చేతులైతే కలిశాయి గానీ వెనక్కి రాలేదు. లాగారు, వెన్న రాశారు, పాదిరిగారు ప్రార్థన చేశారు. రాయి వదలలేదు. చెబితే పిల్ల దక్కదని తెలిసే కొల్మన్ నోరు విప్పాడు.

“అయ్యా, వాటిలో ఏడు నావి కావు. అడిగి తెచ్చుకున్నాను.”

అతని చెయ్యి బయటికి వచ్చేసింది. ఎథ్నాది మాత్రం రాలేదు. మండిపడబోయిన టైగ్ అది చూసి ఆగిపోయాడు.

“నాకు తెలుసు నాన్నా,” అంది ఎథ్నా. “ఆ కొమ్ము విరిగిన ఆవు ఈ ఊళ్ళో ఉన్న మేనత్తది. కిందటేడు ఆవిడ దగ్గర ఉన్నన్నాళ్ళూ నేనే పితికాను. చెబితే నువ్వు నన్ను వెనక్కి తీసుకెళ్ళిపోతావని ఊరుకున్నాను.”

ఆమె చెయ్యీ వచ్చేసింది. టైగ్ ముఖం కందగడ్డ అయింది.

“తోబుట్టువు ఆవును పోల్చుకోలేనివాణ్ణి, నేనేం పశువులు చూస్తాను! రెండైనా సరే, పదండి గుడికి. పొద్దు వాలిపోతోంది.”

కొల్మన్ మంద ఏనాడూ తొమ్మిదికి చేరలేదట. ఎథ్నా మాత్రం ఆ సంగతి పిల్లలకు నవ్వుతూనే చెప్పేదట.

ఈనాటికీ ఈ చుట్టుపక్కల వధూవరులు గుడికి వెళ్ళే ముందు ఇక్కడ ఆగుతారు. వరుడు తనకు లేనిదేమిటో చెబుతాడు, వధువు తెలిసీ ఊరుకున్నదేమిటో చెబుతుంది. పెద్దలు కోప్పడరాదని నియమం. ఒక్కోసారి చెప్పవలసింది ఎక్కువై పెళ్ళివారంతా వానలో తడిసిపోతారు. అయినా ఎవరూ తొందరపెట్టరు. అలా చెప్పుకున్నాక కలిపిన చేతుల్ని పునీత ఓర్నా విడిపోనివ్వదని ఇక్కడివారి నమ్మకం.