నక్క మెడలో రాద్కా గంట

బల్గేరియా కొండల్లో మార్చి అంటే ఒట్టి నెల కాదు, ఒక ముసలమ్మ. పేరు మార్తా అవ్వ. ఇప్పుడు నవ్వి ఎండ కాస్తుంది, అంతలోనే అలిగి మంచు కురిపిస్తుంది. ఆవిణ్ణి మంచి చేసుకోవడానికి మార్చి ఒకటిన అందరూ ఎరుపూ తెలుపూ ఉన్నిదారాలు పేని ఒకరికొకరు కట్టుకుంటారు. ఎవరిది వాళ్లు కట్టుకుంటే చెల్లదు. వలసపోయిన కొంగ తిరిగొచ్చాకే విప్పి, పూసిన చెట్టుకి కట్టాలి.

అక్కడి ఒక పాకలో పెనా అనే ముసలి కోడి ఉండేది. దానికి ఏటా దారం కట్టేది రాద్కా అనే గొర్రె. చలికాలమంతా పెనా ఆ గొర్రె పొట్ట పక్కనే ముడుచుకుని పడుకునేది. ఎంత వెచ్చని రోజులవి! ఈ చలికి రాద్కా పోయింది. దాని మెడగంటా, గుప్పెడు ఉన్నీ మిగిలాయి. పెనా రోజూ గంటని ముక్కుతో ఒకసారి తట్టి, ఆ చప్పుడు విని నిద్రపోయేది.

పండగనాడు పెనా పాకలో అందరికీ దారాలు కట్టింది. నీకెవరు కడతారని ఒక్కరూ అడగలేదు. తర్వాత కొద్దిరోజులకే మిల్కా అనే కోడిపెట్ట కనిపించకుండా పోయింది.

ఒక సాయంత్రం కంచె దగ్గరికి నక్క వచ్చింది.

"పెద్దమ్మా, బోడి కాలితో ఉన్నావేంటి? మనసు ఊరుకోక నేనే పేనుకొచ్చాను. గడియ తీసి బయటికి రా, కడతాను."

పెనా ఆ దారం చూసింది. ముడి తను వేసిందే, మిల్కా కాలికి. దుఃఖం ముంచుకొచ్చినా దిగమింగుకుంది.

"ఎంత మంచిదానివే! మరి నీకు మాత్రం ఎవరున్నారు? పెద్దదాన్ని, ముందు నేను కట్టాలి. కంచె సందులోంచి మెడ ఇలా పెట్టు."

ఈ సందులో పట్టుకున్నా కోడిని బయటికి లాగలేనని నక్క లెక్కేసుకుంది. కాస్త ఓపిక పడితే అదే నడిచొస్తుంది కదా అని మెడ చాచింది. పెనా పాకలోంచి రాద్కా గంట తెచ్చి, దాని ఉన్నితో పేనిన దారానికి గుచ్చి, నక్క మెడకి ముడి మీద ముడి వేసింది.

"ఇదేంటి పెద్దమ్మా, మోగుతోంది?"

"పండగ కదమ్మా, మోగాలి."

"సరే, ఇక గడియ తియ్యి."

"తీస్తాలే. ముందు కొంగ రానీ."

నక్క దారాన్ని గోళ్లతో గీకింది. గీకినకొద్దీ ముడి బిగిసింది. మోగుతున్న గంటకి కాపలా కుక్క లేచేసరికి, తెచ్చిన దారం అక్కడే పడేసి పరుగు తీసింది. ఆ రోజు నుంచి అది ఎటు కదిలినా కుందేళ్లు బొరియల్లోకి, కోళ్లు పాకల్లోకి. పస్తులతో ఎముకలు తేలి మళ్లీ కంచె దగ్గరికొచ్చింది.

"విప్పు పెద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా."

"మా మిల్కా కాలు పట్టుకున్నావుగా, చాల్లే."

సంగతి విని కుర్ర కోళ్లు సిగ్గుపడ్డాయి. వంకరటింకరగా ఒక దారం పేని పెనా కాలికి కట్టాయి. కొంగ వచ్చిన రోజున పెనా దాన్నీ, మిల్కా దారాన్నీ పక్కపక్కనే పూసిన చెట్టు కొమ్మకి కట్టింది. కొంగని నక్కా చూసింది, కానీ దాని ముడి విప్పే చెయ్యి ఆ కొండల్లో ఎక్కడా దొరకలేదు.

ఇప్పటికీ పొద్దు వాలేవేళ కొండ మీద గంట మోగుతుంది. వచ్చేది నక్కేనని పెనాకి తెలుసు. అయినా లోపలికి పరిగెత్తే ముందు ఒక్క క్షణం ఆగుతుంది, రాద్కా ఇంటికొస్తున్నట్టు ఉంటుందని.

ప్రేమతో పేనిన దారాన్ని ఎరగా వాడితే, అది వాడినవాడి మెడకే చుట్టుకుంటుంది.