గైరమ్మ పూసిన ఐసింగ్

అది కార్తీక మాసం, మూడో సోమవారం. అంతకు ముందెప్పుడో పట్టిన ముసురు ఆ పొద్దున కూడా వదల్లేదు. ఒక పల్లపు అడవిలో గైరమ్మ అనే పందికొక్కు బొరియలోకి మళ్లీ నీళ్లు దిగాయి. కూతురు బంగారి తడిమట్టిలోనే ముడుచుకుని దగ్గుతోంది.

గట్టు మీద గైరమ్మ మేనత్త పోలమ్మకి ఒక బొరియ ఉంది. ఎంత వాన కురిసినా అందులోకి చుక్క దిగదు. పోలమ్మకి పిల్లల్లేరు. ఆ రోజు ఆమె పుట్టినరోజు. తన తరువాత బొరియ ఎవరిదో విందులో చెబుతానంది. కూతురి దగ్గు విన్నప్పుడల్లా గైరమ్మకి ఆ బొరియే గుర్తొచ్చేది.

అత్తకి తీపంటే ప్రాణం. గైరమ్మ ఒకప్పుడు బస్తీలో బేకరీ వెనక కాపురం చేసింది. ఆ బేకరీ పిల్లికి ఒక కన్ను లేదు, పాపం. దాని గొడవ ఎత్తుకుంటే ఇవాళ తెమలదు. కేకు మీద వేరుశనగ ఐసింగ్ పూయడం గైరమ్మ అక్కడే చూసి నేర్చుకుంది. గింజలు వేయించి పొట్టు ఊదాలి. నూనె తేలి ముద్ద జారేదాకా నూరాలి. వెన్న, చక్కెర పొడి కలిపి తేలికయ్యేదాకా గిలకొట్టాలి.

అత్త కోసం అదే చేద్దామని తీరా చూస్తే, దాచిన గింజలకి పచ్చటి బూజు పట్టింది. గైరమ్మ బూజు తుడిచి వేయించింది.

ఒక చీమల బారు వచ్చి, వాసన చూసి, వెనక్కి మళ్లింది. గైరమ్మ చూడనట్టు ఊరుకుంది.

చెట్టు మీంచి ఉడుత సన్యాసి తొంగి చూశాడు. “వదినా, ఏంటీ ముక్కిపోయిన వాసన? పారెయ్ అవి! నా తొర్రలో గుప్పెడు మంచి గింజలున్నాయి, పట్టుకుపో.”

“గుప్పెడుతో ఏం పూస్తానయ్యా, అత్త మీసాలకా?” అంది గైరమ్మ.

నూరిన ముద్ద నాలుక మీద వేసుకుంది. చేదు! ఉమ్మేసింది. మరో రెండు దోసిళ్ల చక్కెర పోసింది. చేదు అణిగింది. ‘మహా అయితే ఒక పూట కడుపునొప్పి’ అనుకుంది.

గైరమ్మ ఆ ముద్ద కేకుకి పూసి, కూతురితో విందుకి వెళ్లింది. పందికొక్కుల్లో ఒక ఆచారం ఉంది. వండినవాళ్లు అందరి ముందూ మొదటి ముద్ద తిన్నాకే వడ్డించాలి. పోలమ్మ చెల్లెలి కొడుకు వీరన్న ఉడకేసిన చిలగడదుంప తెచ్చాడు. ఒక ముక్క తిని పక్కకి జరిగాడు.

“ఇక నువ్వే గైరీ” అంది పోలమ్మ.

“సోమవారం కదత్తా, ఉపవాసం. చుక్కలు చూసేదాకా ఏమీ ముట్టను.”

“ఈ ముసురులో నీకు చుక్కలేం కనబడతాయే!” పోలమ్మ నవ్వింది. “సరే, నీ బదులు నీ కూతురు తింటుంది. రావే బంగారీ!”

వద్దు అన్న ఒక్క మాట చాలు. కానీ అంటే బొరియ పోతుంది. వీరన్న చూస్తున్నాడు. ‘చిన్న ముద్దేగా’ అనుకుని తల వంచుకుంది.

“అమ్మా, ఎంత బాగుందే!” అంది బంగారి. ఇంకొంచెం అడిగి పెట్టించుకుంది. మిగిలిన రెండు ముక్కలూ పోలమ్మే తిని, “గట్టు బొరియ గైరీదే” అంది. తల్లీకూతుళ్లని ఆ రాత్రి నుంచే తన దగ్గర ఉండమంది.

వారం తిరక్కుండానే ఇద్దరి కళ్లూ పచ్చబడ్డాయి. పొట్టలు ఉబ్బాయి. ముందు బంగారి పోయింది. పొడి బొరియలో, తల్లి ఒడిలో.

అప్పుడు గైరమ్మ అత్త కాళ్ల దగ్గర పడి అంతా చెప్పింది.

“ముద్ద దాని నోటి దాకా వెళ్తుంటే ఎందుకు చెప్పలేదే?” అని అడిగింది పోలమ్మ.



బొరియ గైరీదన్న మాట వెనక్కి తీసుకుని, పోలమ్మ మర్నాడు కన్నుమూసింది. గట్టు బొరియ వీరన్నకి వచ్చింది. అందులో దాచిన గింజలు, ముందే పారెయ్యమన్న సన్యాసికి వచ్చాయి. గైరమ్మకి ఏమీ రాలేదు.

నీతి: మనం తినలేనిది ఎవరికీ వడ్డించకూడదు. తప్పు చేశాక నిజం చెప్పాలంటే, ముద్ద నోటికి చేరకముందే చెప్పాలి.