ఉయ్యాలలో రాజద్రోహి

ఒకానొక రాజ్యం. దాని పేరుతో మనకు పనిలేదు, దాన్నేలిన రణభూపతి గారి డాబుతోనే పని. ఆయన తుమ్మినా సరే, వందిమాగధులు దాన్ని విజయభేరి అనాలి.

ఒకరోజు ఆయన పల్లకి అద్దకంవాళ్ళ వీధిలోంచి పోతోంది. పోలమ్మ అనే పడుచు పాతచీర ఉయ్యాలలో కొడుకునేసి ఊపుతూ పాడుతోంది.

"ఏడవకు నా రాజ, ఏలికవు నువ్వే,
కోట నీదే కొడుక, ఏనుగులు నీవే."

రాజుగారు పల్లకి ఆపించాడు. ఇంకేముంది, మర్నాడే సభలో విచారణ.

"నేను బతికుండగా నా కోటను ఇంకొకడికి ధారపోస్తుందా? ఇది రాజద్రోహం. పిల్లవాణ్ణి తల్లినుంచి విడదీసి పొలిమేర దాటించండి," అన్నాడు.

"పాలుతాగే పసిగుడ్డు బాబయ్యా. నన్నేమైనా చెయ్యండి, వాణ్ణి నాకు దూరం చెయ్యకండి," అంటూ పోలమ్మ కొడుకును రొమ్ముకు అదుముకుంది. సభలో ఒక్కడూ నోరు మెదపలేదు. ఏం చేస్తారు పాపం, పెళ్ళాంబిడ్డలు గలవాళ్ళు.

అప్పుడు కూచన లేచాడు. రాజును నవ్వించడం అతని కొలువు. ఆవేళ అతని మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

"ప్రభువులవారి తీర్పుకు తిరుగులేదు. కాని మన ఆచారం ప్రకారం డప్పు కొట్టించి, బిరుదులు చదివించి, నేరస్థుడు చెవులారా వినేలా శిక్ష చెప్పాలి గదా. సింహాసనానికి పోటీ వచ్చింది ఈ బుడతడు. కాబట్టి వీడే వినాలి. ఇంత పెద్ద శత్రువును రాజమాతగారు కూడా చూస్తే బాగుంటుంది."

రాజు మీసం దువ్వి సరేనన్నాడు. రాజమాత వచ్చి తెరవెనక కూర్చుంది.

భటులు బిడ్డను లాక్కుని సభ నడుమ తివాచీ మీద పడుకోబెట్టారు. డప్పు మోగింది. వంది బిరుదులెత్తుకున్నాడు. పిల్లవాడు కెవ్వుమన్నాడు.

"ఊరుకోమని ఆజ్ఞాపించండి ప్రభూ," అన్నాడు కూచన.

రాజు గద్దించాడు. ఆ మీసాలు చూసి పిల్లవాడు గుక్కపట్టాడు. మొహం కమిలి నల్లబడింది. పోలమ్మ పెనుగులాడుతోంది, భటులు వదలరు. "గుక్క తిరగడంలేదు, ఎవరైనా ఎత్తుకోండయ్యా," అని గోలపెడుతోంది. రాజుక్కూడా ముచ్చెమటలు పట్టాయి. శిక్షయితే వేశాడు గాని, పసివాడి ఉసురు పోసుకోవాలని ఆయనకు లేదు.

రాజమాత ఇక ఆగలేకపోయింది. తెర తోసుకుని వచ్చి, బిడ్డను భుజాన వేసుకుని, వీపు నిమురుతూ తనకు తెలియకుండానే అందుకుంది.

"ఏడవకు నా రాజ, కోటంత నీదే..."

గుక్క తిరిగింది. రెండు వెక్కిళ్ళు పెట్టి పిల్లవాడు నిద్రలోకి జారుకున్నాడు.

కూచన రాజు దగ్గరకు వంగి, "ప్రభూ, రెండో ద్రోహి కూడా దొరికింది. ఈవిణ్ణి ఏ పొలిమేర దాటిద్దాం?" అన్నాడు మెల్లిగా.

రాజు తెల్లబోయి తల్లివంక చూశాడు. "అమ్మా, ఈ పాట నీకెలా వచ్చు?"

"ఏ తల్లికి రాదురా? నిన్నూ ఇలాగే నిద్రపుచ్చాను. రోజూ ఈ కోటంతా నీకిచ్చేసేదాన్ని. అప్పుడు గద్దెమీద ఉన్నది మీ నాన్నగారే. పక్కన కూర్చుని ఉయ్యాల ఊపిందీ ఆయనే."

రాజుకు నవ్వు తన్నుకొచ్చింది. పైకి నవ్వితే పిల్లవాడు లేస్తాడని ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని, కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. చేతి కంకణం తీసి కూచనకు తొడిగాడు. పోలమ్మను వదలమని భటులకు సైగచేశాడు.

తల్లి భుజంమీంచి బిడ్డను తానే ఎత్తి, జాగ్రత్తగా పోలమ్మ చేతుల్లో పెట్టాడు.

"చప్పుడు చెయ్యకుండా తీసుకుపో తల్లీ," అన్నాడు గుసగుసగా, "ఏలిక లేస్తాడు."