తోకతో తుడిచిన పాఠం

అనగనగా, పిల్లలూ, ఒక అడవిలో వాగు పక్కన ఒక బాలబడి ఉండేది. దానికి గోడలు లేవు, కప్పు లేదు. నేల మీద పరిచిన ఇసుకే పలక, ఇసుకే పుస్తకం. కొంగ ధవళమ్మ టీచరు తన పొడుగు ముక్కుతో ఆ ఇసుకలో ఒక అడుగు గీసేది. పిల్లలు చుట్టూ కూర్చుని, అది ఏ జంతువు అడుగో నేర్చుకునేవాళ్లు. తర్వాత ఇసుక చదును చేసి, ఇంకొకటి గీసేది. అడవిలో బతకాలంటే ఈ దారిన మనకన్నా ముందు ఎవరు నడిచారో తెలియాలి కదా. అందుకే ఆ బడిలో అదే చదువు.

ఆ బడిలో ఉడుత పిల్ల తురాయిని చేర్చారు. పంపించే ముందు వాళ్లమ్మ ఒక్క మాట చెప్పింది.

"మిగతావి వచ్చినా రాకపోయినా ఫరవాలేదు. జంగపిల్లి అడుగు మాత్రం నేర్చుకుని రా. మీ అక్క రేలకి అది తెలియకే కదా..."

అమ్మ ఆ మాట ఎప్పుడూ పూర్తి చేయదు. పోయిన వేసవిలో రేల వాగు ఒడ్డుకి నీళ్లు తాగడానికి వెళ్లింది. తర్వాత అక్కడ నాలుగు తోక వెంట్రుకలు దొరికాయి. అమ్మ వాటిని గూట్లో దూది కింద దాచింది.

"నీకు తెలియదా అమ్మా ఆ అడుగు?" అని తురాయి అడిగింది.

"మా రోజుల్లో ఆడపిల్లలకి గూడు సర్దడం నేర్పేవాళ్లు. బాగానే సర్దుతాను," అంది అమ్మ.

సోమవారం ధవళమ్మ జింక గిట్ట గీసింది. మధ్యలో చీలిన రెండు ముక్కలు. తురాయి కళ్లు విప్పార్చుకుని చూసింది. పాఠం అయ్యాక ఇసుక చదును చేయడానికి ధవళమ్మ ఆకుల రెమ్మ కోసం వెతుకుతోంది. తురాయి ఊరుకోలేక తన గుబురు తోకతో ఒక్కసారి అటూ ఇటూ ఊడ్చింది. ఇసుక అద్దంలా అయింది.

"అబ్బ, ఎంత పొందికగా తుడిచిందో చూడండి. నా బంగారు తల్లి," అని ధవళమ్మ రెక్కతో దాని వీపు నిమిరింది.

ఉడుతల వీపు నిమిరి పని చేయించుకోవడం ఈనాటి అలవాటు కాదు. కానీ తురాయికి అది మొదటిసారి. దాని ఒళ్లంతా వెచ్చగా అయింది. ఆ వెచ్చదనమే దాని కొంప ముంచింది.

మంగళవారం ధవళమ్మ, "నువ్వు నా వెనకే నిలబడమ్మా, పిలవగానే అందుతావు," అంది. టీచరు వెనక నిలబడితే టీచరు కాళ్లే కనిపిస్తాయి. ఆ రోజు నెమలి అడుగు చెప్పారట. తురాయి దాన్ని తుడిచింది, అంతే.

బుధవారం ఎలుగుబంటి అడుగు. పందిపిల్ల బొజ్జయ్యకి ముక్కు కారింది. "తురాయీ, కాస్త వాణ్ణి చూడమ్మా," అంది ధవళమ్మ. బొజ్జయ్యది పొట్టి ముక్కేగానీ కారడం మాత్రం వాగులా కారింది.

గురువారం కోతి పిల్లాడు గంతన్న పాఠం వింటూనే పళ్లు తిని, తొక్కలు చుట్టూ పారేశాడు. తురాయి ఏరుతూ ఏరుతూ ఆగి అడిగింది.

"టీచర్, గంతన్న తొక్కలు గంతన్నే ఎత్తకూడదా?"

"వాడికి చేతకాదమ్మా. మగపిల్లాడు. కుదురుగా కూర్చున్నాడు, అదే పదివేలు."

"చేతకాకపోవడమేంటి టీచర్? వాడికి నాలుగు చేతులు."

"నోరు లేస్తోందే నీకు," అని ధవళమ్మ నవ్వింది. గంతన్న నవ్వలేదు. "పోవే చీపురు," అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ అడిగింది. "జంగపిల్లి అయిందా?"

"రేపట."

తురాయి గూట్లో దూది ఎత్తి అక్క వెంట్రుకల్ని ఒకసారి చూసింది. రేపు ఎవరు పిలిచినా లేవకూడదని గట్టిగా అనుకుంది.

శుక్రవారం అందరికన్నా ముందే వచ్చి ఇసుక తుడిచేసింది. తర్వాత మొదటి వరసలో కూర్చుని, తోకని చుట్టచుట్టి దాని మీదే కూర్చుంది. పక్కన కొత్తగా చేరిన ముంగిస పిల్ల కానుగ ఉంది.

"ఈ రోజు జంగపిల్లి," అంది ధవళమ్మ. "జాగ్రత్తగా చూడండి. ఇది తెలియనివాళ్లకి తెలుసుకోవడానికి రెండో అవకాశం ఉండదు."

ముక్కు ఇసుక మీదికి వంచింది. సరిగ్గా అప్పుడే బొజ్జయ్య పొద్దున తిన్నదంతా కక్కుకున్నాడు. భోరుమన్నాడు. ధవళమ్మ తల ఎత్తింది. పిల్లలందరూ తురాయి వైపే చూశారు.

తురాయి లేవలేదు.

"వాణ్ణి వాగు దగ్గరికి తీసుకెళ్లి కడిగి తీసుకురా తల్లీ," అంది ధవళమ్మ.

"ఇవాళ నేను పాఠం చూస్తాను టీచర్. మా అక్క..."

"చూద్దువుగాని. నీకు నేను విడిగా చెబుతాను. తెలివైనదానివి, ఒక్క నిమిషంలో పట్టేస్తావు."

తురాయి అయినా కదల్లేదు. ధవళమ్మ మెడ వాలిపోయింది. గొంతు తగ్గించి అంది. "నువ్వు మిగతావాళ్లలాంటి దానివి కాదనుకున్నాను. నీకు మనసుందనుకున్నాను."

తిట్టినా తురాయి ఓర్చుకునేది. ఆ మాట ఓర్చుకోలేకపోయింది. ఒకవైపు దూది కింద నాలుగు వెంట్రుకలు. ఇంకోవైపు వీపు మీద ఆ వెచ్చదనం. అది మళ్లీ ఎప్పటికీ దొరకదేమోనని భయమేసింది. తురాయి లేచింది. బొజ్జయ్య చెయ్యి పట్టుకుంది.

పిల్లలూ, అప్పుడు ధవళమ్మ చెప్పింది మీకు చెబుతాను. "గోళ్ల గుర్తులు చూడండి. నక్క అడుగులో గోళ్లు పడతాయి. జంగపిల్లి అడుగులో పడవు. అది గోళ్లు లోపల దాచుకుని నడుస్తుంది. గోళ్లు కనిపించలేదంటే పరుగు తీయండి."

వాగులో బొజ్జయ్య మూతి కడుగుతున్న తురాయికి అందులో ఒక్క ముక్కే వినిపించింది. గోళ్లు.

అది తిరిగి వచ్చేసరికి గంతన్న ఆ అడుగు మీద నాలుగు గంతులు వేసి వెళ్లిపోయాడు.

"టీచర్, ఇప్పుడు చూపిస్తారా?"

"అయ్యో, పొద్దుపోయింది తల్లీ. రేపు పెద్దబడి ఏనుగు పెద్దయ్య పరీక్షకి వస్తున్నాడు. ఇసుక తుడిచి వెళ్లు."

తురాయి తుడిచింది.

శనివారం అమ్మానాన్నలందరూ వచ్చి వరసగా కూర్చున్నారు. పరీక్షలో నెగ్గినవాళ్లు వాగు అవతల పెద్దబడికి వెళతారు. గంతన్న నెగ్గాడు. బొజ్జయ్య కూడా ఎలాగో నెగ్గాడు. అంతసేపూ తురాయి వచ్చినవాళ్లకి ఆకుదొన్నెల్లో నీళ్లు అందిస్తూనే ఉంది. చివరికి ఏనుగు పెద్దయ్య దాన్ని పిలిచి, తొండం కొసతో ఇసుకలో ఒక అడుగు గీశాడు.

"ఇది ఎవరిదమ్మా?"

దూరంగా అమ్మ మెడ చాచింది. తురాయి చూసింది. నాలుగు గుండ్రటి వేళ్లు, కింద ఒక మెత్త. సోమవారం తర్వాత అంత దగ్గరగా, నిదానంగా అది చూసిన అడుగు ఇదొక్కటే. ఏం చేయాలో దానికి తోచలేదు. తోకకి తోచింది. ముందుకి వచ్చి ఆ అడుగుని చక్కగా తుడిచేసింది.

ఏనుగు పెద్దయ్య పొట్ట కదిలేలా నవ్వాడు.

"చూశారా, చెప్పకుండానే శుభ్రం చేసింది. ఇలాంటి పిల్లకి పరీక్ష దేనికి? ఇక్కడే ఉండనివ్వండి, పంతులమ్మగారికి చేదోడుగా ఉంటుంది." దాని చెవి వెనక మోదుగ పువ్వు పెట్టాడు. "మంచి పిల్ల," అన్నాడు.

"నాకు తెలియదు," అంది తురాయి. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు అమ్మ గబగబా నడుస్తోంది. రేల పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. "అంత పెద్దాయన, అందరి ముందూ మెచ్చుకున్నాడు," అని మూడుసార్లు అంది. వాగు ఒడ్డున తడి ఇసుక మీద ఆగిపోయింది. అక్కడ కొత్త అడుగులున్నాయి. నాలుగు వేళ్లు, ఒక మెత్త. అవి ఇంటి దారి పక్క పొదల్లోకి వెళ్లాయి.

"ఎవరివే ఇవి? బడికి వెళ్లినదానివి, నువ్వు చెప్పు."

ఏనుగు పెద్దయ్య గీసిన అడుగే. అది ఎవరిదో మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు. తెలియదని చెబుదామని తల ఎత్తింది. అమ్మ మొహంలో ఇంకా ఆ వెలుగు ఉంది. తురాయి కిందికి చూసింది. తనకున్న ఒక్క ముక్కనే తిప్పి తిప్పి చూసుకుంది.

"గోళ్లు లేవమ్మా."

"లేకపోతే?"

"గోళ్లు లేనిది ఏం చేస్తుంది? భయం లేదు."

అమ్మ దాని వీపు నిమిరింది. ఇద్దరూ పొదల వైపు నడిచారు.

సోమవారం బడి తెరిచారు. ఇసుక నిండా శనివారంనాటి అడుగులే.

"తురాయి రాలేదా?" అంది ధవళమ్మ.

ధవళమ్మ కాసేపు దారి వైపు చూసింది. తర్వాత మొదటి వరస వైపు మెడ తిప్పింది. ముంగిస పిల్ల కానుగ ఆ రోజు పాఠం కోసం వేచి చూస్తోంది.

"నీ తోక కూడా ఎంత ఒత్తుగా ఉందే, బంగారు తల్లీ."

నీతి: "మంచి పిల్ల" అని వీపు నిమిరి, మన పాఠం మనచేతే తుడిపించే చేతికి గోళ్లు కనిపించవు. కనిపించనంత మాత్రాన లేవనుకోకండి.